ఉద్యోగం మానాలా వద్దా అని తేల్చుకునే ముందు: మంచాన ఉన్న నాయనకు ఎంత సేవ కావాలో, సాయం ఎక్కడుందో

అమ్మా, మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. గుత్తి దగ్గర పల్లెలో ఉన్న మీ నాయనకు 71 ఏళ్లు. నెలన్నర కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట తడబడుతోంది. కర్నూలు పెద్దాసుపత్రిలో చూపించి ఇంటికి తెచ్చుకున్నారు. చూసుకుంటున్నది మీ అమ్మ. ఆమెకు 64 ఏళ్లు, షుగరుంది. తమ్ముడు బుడ్డల (వేరుశనగ) సేద్యం చేస్తాడు, మరదలికి ఇద్దరు చిన్నపిల్లలు. మీరేమో బెంగళూరులో ఉద్యోగం. "నేను ఉద్యోగం మానేసి ఊరికి పోవాలా? గవర్నమెంటు నుంచి ఏమైనా సాయం దొరుకుతుందా?" అని అడిగారు.

నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం మెడికల్ వార్డులోనే, పక్షవాతం పేషెంట్ల మధ్యనే. డిశ్చార్జి అయి ఇంటికి పోయినవాళ్లు ఒళ్లంతా పుండ్లతో తిరిగి రావడం చూశాను, అదే జబ్బుతో పోయినవాళ్లు మూడు నెలలకు కర్ర పట్టుకుని నడిచి రావడమూ చూశాను. తేడా చాలాసార్లు డబ్బులో లేదు. ఇంట్లో ఎంత పని ఉందో, అది ఎవరి మీద పడుతోందో ముందే చూసుకున్న ఇల్లు నిలబడుతుంది. చూసుకోని ఇంట్లో రోగితో పాటు రోగిని చూసుకునే మనిషి కూడా మంచం పడుతుంది. అందుకే మీ ఉద్యోగం సంగతి చివర్లో మాట్లాడతాను. ముందు పని లెక్క తేలాలి.

ఈ శనివారం ఊరికి పోయినప్పుడు పిల్లల నోటుబుక్కు ఒకటి తీసుకోండి. పొద్దున నాలుగు నుంచి మరునాడు పొద్దున నాలుగు దాకా నాయనకు ఎవరు ఏం చేశారో గంట గంటకూ రాయండి. మీ అమ్మను అడిగి రాయొద్దు, పక్కన కూర్చుని చూసి రాయండి. అడిగితే "ఏముందిలే, అన్నం పెడతా, గుడ్డలు మారుస్తా" అనేస్తుంది. రాత్రి ఎన్నిసార్లు లేచిందో ఆమెకే గుర్తుండదు.

రాసేటప్పుడు ఆరు పనులు ప్రత్యేకంగా గమనించండి: స్నానం, బట్టలు వేసుకోవడం, మరుగుకు పోవడం, మంచం మీద నుంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాల మీద పట్టు, తినడం. డాక్టర్లు వాడే కాట్జ్ స్కేల్‌లో ఉండేవి ఈ ఆరే. ఒక్కోదాని పక్కన నాయన తానే చేసుకుంటున్నారా, చెయ్యి అందిస్తే చేస్తున్నారా, మొత్తం మనమే చేయాలా అన్నది రాయండి. ఈ కాగితం తర్వాత డాక్టరుకూ, ఫిజియోథెరపిస్టుకూ చూపించవచ్చు. "బాగానే ఉన్నాడు సార్" అని నోటితో చెప్పేదానికంటే ఇది వాళ్లకు వంద రెట్లు పనికొస్తుంది. నెలకోసారి మళ్లీ రాస్తే నాయన కోలుకుంటున్నారో లేదో మీకే తెలుస్తుంది.

తర్వాత ఆ పనులన్నిటినీ మూడు రకాలుగా విడదీయండి. ఇద్దరు మనుషులు ఉంటేనే జరిగేవి ఒక రకం: లేపి కూర్చోబెట్టడం, స్నానం. టైముకు జరగాల్సినవి ఇంకో రకం: మందులు, ఒత్తిగిలించడం, భోజనం. ఎవరైనా ఎప్పుడైనా చేయగలిగేవి మూడో రకం: గుడ్డలు ఉతకడం, నీళ్లు పట్టడం, మందులు తేవడం, కర్నూలులో డాక్టరు అపాయింట్‌మెంట్ కనుక్కోవడం, కాగితాల పని. మీ ఇంట్లో ఇప్పుడు ఈ మూడూ ఒక్క మనిషి మీదే ఉన్నాయని నా అనుమానం. మూడో రకంలో సగం మీరు బెంగళూరులో ఉండే చేయవచ్చు. మొదటి రకానికి మాత్రం పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట తమ్ముడు ఇంట్లో ఉండి తీరాలి. చేనికి పోయే ముందు, వచ్చిన తర్వాత. అది సాయం కాదు, అతని వంతు. ఆ మాట మరదలితో అనిపించొద్దు, మీరే తమ్ముడితో నేరుగా చెప్పండి.

ఇంక మీ అమ్మ గురించి. ఆసుపత్రిలో అందరూ రోగి బీపీ చూస్తారు, పక్కన నిలబడ్డ ఆమెకు ఏమైందని ఎవరూ అడగరు. 64 ఏళ్ల షుగరు మనిషి రాత్రిళ్లు నిద్ర లేక, టైముకు తినక, తనకంటే బరువైన మనిషిని లేపుతోంది. ఆమెకు షుగరు ఒక్కసారిగా పడిపోయినా, నడుము పట్టేసినా ఆ ఇంట్లో ఇద్దరు రోగులవుతారు. నాయనా మరదలూ లేనప్పుడు ఆమెను పక్కకు పిలిచి అడగండి: రాత్రి వరుసగా ఎన్ని గంటలు నిద్రపోతున్నావు? షుగరు మాత్ర ఎప్పుడెప్పుడు మరిచిపోయావు? చివరిసారి రక్తపరీక్ష ఎప్పుడు చేయించుకున్నావు? నడుమో భుజమో నొప్పిగా ఉందా? ఊళ్లో ఎవరింటికైనా పోయి ఎన్నాళ్లయింది? ఏడుపొస్తోందా? జవాబులు అదే నోటుబుక్కులో, నాయన పేజీకి ఎదురు పేజీలో రాయండి. రాత్రి వరుసగా నాలుగు గంటలు కూడా నిద్ర లేదంటే మిగతా అన్నిటికంటే ముందు దానికి దారి చూడాలి. వారానికి కనీసం రెండు రాత్రులు ఇంకొకరు నాయన దగ్గర పడుకోవాలి. తమ్ముడు ఒక రాత్రి, శనివారం వచ్చినప్పుడు మీరు ఒక రాత్రి.

మరదలిని కూడా మరిచిపోవద్దు. పిల్లలు, పశువులు, వంట, బహుశా చేను పని కూడా ఆమెదే. కోడలు కాబట్టి చేస్తుందిలే అని ఎవరూ ఆమెను అడగరు. ఏ పని చేయగలదో, మామకు ఏ సేవ చేయడానికి ఆమెకు మొహమాటమో విడిగా అడగండి. వంటా, మందుల డబ్బా ఆమెకు అప్పజెప్పి, స్నానం, గుడ్డల మార్పు తమ్ముడు తీసుకుంటే ఇద్దరికీ సులువు.

కొన్ని ఇంటి పద్ధతులు రేపే మార్చాలి. మన వైపు సంగటి ముద్దను నమలకుండా మింగడం అలవాటు. పక్షవాతం తర్వాత చాలామందికి మింగే కండరాలు కూడా దెబ్బతింటాయి, అప్పుడు ఆ ముద్ద గొంతులో అడ్డం పడుతుంది. నీళ్లు, పలచని మజ్జిగ కూడా ప్రమాదమే, ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా వస్తుంది. తినేటప్పుడు దగ్గు రావడం, తిన్నాక గొంతు గరగరలాడటం, కుడి దవడలో మెతుకులు మిగిలిపోవడం కనిపిస్తే డాక్టరుకు చెప్పి మింగే పరీక్ష చేయించండి. అందాకా చిక్కటి జావ, మెత్తగా మెదిపిన అన్నం, చిన్న చెంచాతో, ఎడమ వైపు పెట్టండి. నిటారుగా కూర్చోబెట్టి తినిపించాలి, తిన్నాక అరగంట అలాగే కూర్చోబెట్టాలి. పడుకోబెట్టి నోట్లో నీళ్లు పోయడం మాత్రం ఎవరు చేసినా ఆపండి.

పడిపోయిన చెయ్యి పట్టుకుని లేపొద్దు. ఆ భుజంలో కండ పట్టు ఉండదు, కీలు జారుతుంది, ఇక నెలల తరబడి నొప్పి. నడుము దగ్గర పంచె గట్టిగా చుట్టి దాన్ని పట్టుకుని లేపండి, కుర్చీని మంచి కాలు వైపు వేయండి. రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి. వెనక నడుము కింద, తుంటి మీద, మడమల దగ్గర ఎర్రగా కందిందేమో రోజూ చూడాలి. కందిన చోట రుద్దొద్దు, నూనె పెట్టి మర్దన అసలే వద్దు, ఆ వైపు బరువు పడకుండా చూస్తే చాలు. నులక మంచం మీద ఉంటే ఇవాళే మార్చండి. అది గుంతపడుతుంది, మనిషి అందులోంచి లేవలేడు. గట్టి మంచం, కూర్చుంటే పాదాలు నేలకు ఆనే ఎత్తు ఉండాలి. గాలి పరుపు కొంటే దాని మోటారుకు కరెంటు కావాలని గుర్తుంచుకోండి. కరెంటు పోతే గాలి దిగిపోయే రకాలుంటాయి. అది ఉన్నా ఒత్తిగిలించడం తప్పదు. మన ఇళ్లలో కడప బండలో, బేతంచర్ల బండలో పరిచి ఉంటారు, తడిస్తే జారతాయి. స్నానం చేయించే చోట రబ్బరు పట్టా వేయండి. మరుగుదొడ్డి పెరట్లో ఉంటే నడిపించే సాహసం ఇప్పుడే వద్దు, కమోడ్ కుర్చీ మంచం పక్కనే పెట్టుకోండి.

ఫిజియోథెరపీ గురించి గట్టిగా చెప్తాను. పక్షవాతం తర్వాత ఒంట్లో కదలిక వేగంగా తిరిగొచ్చేది మొదటి మూడు నెలల్లో. ఆరు నెలల దాకా బాగానే వస్తుంది, ఆ తర్వాత మెల్లగా. మీకు నెలన్నర గడిచిపోయింది. అనంతపురం సర్వజన ఆసుపత్రిలోనూ, కర్నూలు పెద్దాసుపత్రిలోనూ ఫిజియోథెరపీ విభాగాలున్నాయి. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వాళ్ల బత్తలపల్లి ఆసుపత్రి కూడా మన వైపు పేదలకు బాగా తెలిసినదే. రోజూ తీసుకుపోవడం కుదరదు, నాకు తెలుసు. అందుకే ఒకసారి తమ్ముడినీ అమ్మనూ ఇద్దరినీ తీసుకుపోయి, వ్యాయామాలు చేయించేటప్పుడు ఫిజియోథెరపిస్టును అడిగి ఫోన్లో వీడియో తీసుకోండి. ఇంట్లో రోజుకు రెండు పూటలా అవే చేయించాలి. పదిహేను రోజులకో నెలకో మళ్లీ చూపించి తర్వాతి మెట్టు నేర్చుకోండి. గుత్తిలో ఇంటికొచ్చి చేయించే ఫిజియోథెరపిస్టు దొరికితే, మీ జీతంలోంచి పెట్టే ఖర్చుల్లో మొదటిది అదే కావాలి.

ఇక గవర్నమెంటు సాయం. మొదటి గడప ఊరి సచివాలయం, దాంతో పాటు ఊళ్లోని విలేజ్ హెల్త్ క్లినిక్. అక్కడి ఏఎన్ఎం (ఊరి నర్సమ్మ), ఆశా కార్యకర్తలకు మీ నాయన మంచాన ఉన్న సంగతి చెప్పి రికార్డులో రాయించండి. ఫ్యామిలీ డాక్టర్ పద్ధతిలో పీహెచ్‌సీ డాక్టరు ఊరికి వచ్చే రోజులుంటాయి, మంచం దిగలేనివాళ్లను ఇంటికెళ్లి చూడాలన్నది అందులో భాగమే. చెప్పకపోతే వాళ్లకు తెలియదు. బీపీ, షుగరు మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం, అమ్మవి కూడా అక్కడే తీసుకోవచ్చు.

పింఛను: 2024 జూలై నుంచి రాష్ట్ర ప్రభుత్వ పింఛను పథకం ఎన్టీఆర్ భరోసాలో వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు, వికలాంగులకు 6,000. పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000. మీ నాయనకు ఇప్పటికే 4,000 వస్తూ ఉండవచ్చు. ఒక మనిషికి ఒక్క పింఛనే, కాబట్టి పెద్దదానికి మార్పించుకోవాలి. దానికి సదరం సర్టిఫికెట్, అంటే అంగవైకల్యం ఎంత శాతమో డాక్టర్లు చూసి ఇచ్చే కాగితం కావాలి. వికలాంగుల పింఛనుకైతే అది కనీసం 40 శాతం ఉండాలి. ఆ పరీక్షకు స్లాట్ సచివాలయంలోనో మీసేవలోనో బుక్ చేస్తారు. పక్షవాతానికి సాధారణంగా ఆరు నెలలు గడిచాకే శాతం లెక్కకడతారు, ఎందుకంటే అప్పటిదాకా మనిషి కోలుకుంటూ ఉంటాడు. ఇప్పుడే పరుగెత్తి తిప్పి పంపించారని బాధపడొద్దు. ఈలోగా డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ రిపోర్టులు, ఆధార్, రేషన్ కార్డు ఒక ఫైలులో పెట్టి ఉంచండి. 15,000 పింఛన్ల విషయంలో 2025లో డాక్టర్ల బృందాలు ఇళ్లకు వచ్చి మళ్లీ పరీక్షించాయి. కాబట్టి ఉన్నది ఉన్నట్టే చెప్పండి, నడవగలిగితే నడిచాడనే చెప్పండి.

ఇంకో చిక్కు చాలామందికి తెలియదు. మీ పేరు ఇంకా ఊళ్లో అమ్మానాన్నల రేషన్ కార్డులో, సచివాలయం వాళ్ల కుటుంబ వివరాల్లో ఉండి, మీరు ఆదాయపన్ను కడుతుంటే పింఛనుకు అడ్డం పడుతుంది. ఇది ముందే చూసుకోండి.

ఆసుపత్రి ఖర్చుకు ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు ఉంటుంది. 70 ఏళ్లు నిండినవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా ఉచిత చికిత్స ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు చివర్లో మొదలైంది. మీ నాయనకు 71 కాబట్టి ఆధార్‌తో చేయించవచ్చు. కానీ ఈ కార్డులు ప్రధానంగా ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తాయి. ఇంట్లో ఆయాకు ఇచ్చే జీతం, డైపర్లు, ఇంటి ఫిజియోథెరపీ వీటిలో రావు. మీ కుటుంబం డబ్బు దాచుకోవాల్సింది సరిగ్గా ఈ ఖర్చులకే. ఆసుపత్రి ఖర్చంతా చేతినుంచి పెట్టేసి, ఇంటికొచ్చాక ఫిజియోకు డబ్బుల్లేవనే ఇళ్లు ఎన్నో చూశాను.

చక్రాల కుర్చీ, కమోడ్ కుర్చీ, చేతికర్ర లాంటివి పేద వృద్ధులకు రాష్ట్రీయ వయోశ్రీ పథకం కింద ఉచితంగా ఇస్తారు. ఈ పథకాన్ని 2017లో మన రాష్ట్రంలోనే, నెల్లూరులో ప్రారంభించారు. ఈ పరికరాలు తయారుచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అలింకో క్యాంపులు పెట్టి కొలతలు తీసుకుని ఇస్తుంది, క్యాంపు ఎప్పుడో అనంతపురంలో జిల్లా వికలాంగుల, వయోవృద్ధుల సంక్షేమ శాఖ ఆఫీసులో అడగాలి. ఫోన్లో అడగాలంటే వృద్ధుల కోసం ఉన్న 14567 ఎల్డర్‌లైన్ ఉంది, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా. బెంగళూరు నుంచి చేస్తే మీకు అక్కడి లైను కలిసే అవకాశం ఉంది, ఊళ్లోని ఫోన్ నుంచి చేయించండి. క్యాంపు దాకా ఆగలేకపోతే, ఊళ్లో ఎవరింట్లోనైనా వాడకుండా అటక మీద పెట్టిన కుర్చీ ఉందేమో అడగండి. చాలా ఊళ్లలో ఉంటుంది.

అప్పు అవసరమైతే వడ్డీ వ్యాపారి దగ్గరికి పోయే ముందు మీ అమ్మ గానీ మరదలు గానీ పొదుపు సంఘంలో ఉన్నారా చూడండి. సంఘం అప్పుకు, పొదుపు సంఘాల ఆడవాళ్లకు అప్పులిచ్చే స్త్రీనిధి అప్పుకు వడ్డీ చాలా తక్కువ.

ఆయాను పెట్టుకోవాలంటే పగలు పెట్టాలా రాత్రి పెట్టాలా అని మీ నోటుబుక్కే చెప్తుంది. చాలా ఇళ్లలో పగలు పెట్టి, రాత్రి అమ్మకే వదిలేస్తారు. నా అభిప్రాయం దానికి వ్యతిరేకం. పగలు పలకరించే ఇరుగుపొరుగు ఉంటారు, రాత్రి ఎవరూ ఉండరు. ఊళ్లోనే తెలిసిన మనిషి దొరికితే పట్నం ఏజెన్సీ కంటే మేలు, కానీ ఒత్తిగిలించడం, లేపడం ఆమెకు కూడా నేర్పాలి. చేసే పనులు, జీతం, వారంలో సెలవు ముందే మాట్లాడుకోండి.

నాయన ఊరికే ఏడుస్తున్నా, తిండి వద్దంటున్నా, వ్యాయామం చేయనంటున్నా మొండితనం అనుకోవద్దు. పక్షవాతం వచ్చినవాళ్లలో సుమారు మూడో వంతు మందికి డిప్రెషన్ వస్తుంది, దానికి మందులున్నాయి, తగ్గుతుంది. మాట రానంత మాత్రాన అర్థం కాదని అనుకోవద్దు. ఆయన ముందే "ఎన్నాళ్లు చేయాలో" అనే మాటలు రానివ్వొద్దు. అమ్మకో మీకో మనసు తట్టుకోలేకపోతే మానసిక సాయం కోసం ప్రభుత్వం పెట్టిన 14416 టెలీమానస్‌కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. మూతి వంకరపోవడం, మాట ఇంకా ముద్దవడం, కొత్తగా చెయ్యో కాలో పడిపోవడం జరిగితే ఎవరినీ అడగకుండా 108. మెదడు రక్తనాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. ఇలాంటప్పుడే బంధువులు పొలం రాయించే మాట తెస్తారు. నాయన స్పష్టంగా మాట్లాడలేని ఈ నెలల్లో రిజిస్ట్రేషన్లేవీ పెట్టుకోవద్దు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ప్రకారం, చూసుకుంటామనే షరతుతో ఆస్తి రాయించుకుని చూసుకోకపోతే ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్ ఆ దస్తావేజును రద్దు చేయగలదు. మీ ఇంట్లో ఆ అవసరం రాకూడదనే కోరుకుంటున్నాను. ఉచితంగా లాయరు సలహా కావాలంటే న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఇస్తారు.

ఇప్పుడు మీ ఉద్యోగం. మానొద్దమ్మా, కనీసం ఇప్పుడే మానొద్దు. పింఛను పక్కన పెడితే ఈ ఇంట్లో నెలనెలా నికరంగా వచ్చే డబ్బు మీదొక్కటే. ఫిజియోథెరపిస్టు, రాత్రి ఆయా, అమ్మ మందులు దాంతోనే నడవాలి. దానికి బదులు రెండు మూడు వారాలు సెలవు అడగండి, జీతం లేని సెలవైనా సరే, ఇప్పుడే తీసుకోండి. ఆ వారాల్లో చేయాల్సింది మీరే నాయనకు అన్నీ చేయడం కాదు. మీరే అన్నీ చేస్తే మీరు బస్సెక్కిన రోజే మొత్తం కూలిపోతుంది. తమ్ముడికి లేపడం నేర్పించండి, ఆయాను కుదర్చండి, కాగితాలు మొదలుపెట్టండి, అమ్మను గుత్తికి తీసుకుపోయి షుగరు, బీపీ, కళ్లు చూపించండి. ఇంటి నుంచి పనిచేసే వీలిస్తే నెలలో ఒక వారం ఊళ్లో ఉండేలా మాట్లాడుకోండి. ఆరు నెలలు నిండాక వచ్చే సదరం స్లాట్ రోజుకు ఒక సెలవు మిగిల్చుకోండి, ఆ రోజు నాయనను తీసుకుపోవడానికి ఇద్దరు కావాలి.

నోటుబుక్కు రాశాక ఆ ఆరు పనుల పేజీ, అమ్మ జవాబుల పేజీ ఇక్కడ రాయండి. అమ్మ రాత్రి నిద్ర ఎన్ని గంటలో, నాయన మింగేటప్పుడు దగ్గుతున్నారో లేదో తప్పకుండా రాయండి. చూసి తర్వాత ఏం చేయాలో చెప్తాను.